మిద్దె మీద ఎల్మ్ స్ట్రీట్: నలభై ఏళ్ల నాటి పీడకలను మళ్లీ చూడాలంటే

‘ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్’ 1984 నవంబరులో అమెరికాలో విడుదలైంది. కుర్రకారును కలల్లో వేటాడి చంపే ఫ్రెడ్డీ క్రూగర్ అనే హంతకుడి కథ అది. ఇప్పుడు దాన్ని మధ్యాహ్నం పూట, ఫోన్‌లో, అన్నం తింటూ చూసినవాళ్లు ఎక్కువగా అనే మాట ఒకటే: ‘ఇందులో భయపడ్డానికి ఏముంది?’ వాళ్లను తప్పు పట్టలేం. ఈ సినిమా భయం రక్తంలో లేదు. మెలకువ ఎక్కడ అయిపోయిందో, కల ఎక్కడ మొదలైందో చూసేవాళ్లకు తెలియకుండా చేయడంలో ఉంది. చేతిలో ఫోను మోగుతుంటే ఆ మాయ పనిచేయదు. చీకటి ఉండాలి, మధ్యలో ఆగకూడదు, నలుగురు పక్కన ఉండాలి. అనంతపురం, కర్నూలు, కడపల్లో ఇందుకు సొంతింటి మిద్దెకు మించిన చోటు లేదు. కాకపోతే మన ఎండ, మన గాలి, మన కరెంటు లెక్కలోకి తీసుకోవాలి.

ఏ రోజు, ఏ వేళ

ముందు పంచాంగం తీయండి. ఈ సినిమాలో సగం నీడలే. ఫ్రెడ్డీ తిరిగే బాయిలర్ గదిలో పైపుల వెనక ఎవరున్నారో కనీకనపడకుండా ఉండాలి. పున్నమి వెన్నెల్లో ఆ నలుపు బూడిద రంగుకు తిరిగిపోతుంది. బహుళ షష్ఠి నుంచి అమావాస్య దాటి శుద్ధ విదియ వరకు ఏ రోజైనా పనికొస్తుంది. బహుళ పక్షంలో చంద్రుడు ఆలస్యంగా లేస్తాడు, విదియ నాడు తొందరగా దిగిపోతాడు. అమావాస్య అయితే ఇంకా మంచిది గానీ, ఆ రోజు దయ్యాల సినిమా అంటే ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకోరు. ఆ గొడవ ఎందుకు, ఒక రోజు ముందో వెనకో పెట్టుకోండి.

నెలల్లో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అన్నిటికన్నా మేలు. ఏప్రిల్, మే నెలల్లో స్లాబు పగటి వేడిని రాత్రి దాకా వదలదు. కడప బండ పరిచిన పాత మిద్దెలైతే మరీను. సాయంత్రం ఆరుకు ఒకసారి, ఏడుకు ఇంకోసారి నీళ్లు చల్లండి. ఒకేసారి కుమ్మరిస్తే పైన తడి ఆరిపోయి కింది వేడి మళ్లీ పైకొస్తుంది. మేలో ఏడున్నర దాకా పడమటి ఆకాశం పూర్తిగా నల్లబడదని గుర్తుంచుకోండి.

జూన్ నుంచి ఆగస్టు దాకా సమస్య వేడి కాదు, గాలి. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆషాఢం గాలికి గుడ్డ తెర నిలవదు. తొలకరి పడిన రెండు మూడు రోజులు అసలు వద్దు. ప్రొజెక్టర్ వెలుగుకు ఉసిళ్లు మూగుతాయి, లెన్సు ముందు ఒక్కటి ఎగిరినా తెర మీద దాని నీడ అరచేయంత పడుతుంది.

సినిమా నిడివి 91 నిమిషాలు. ఎనిమిదింబావుకు మొదలుపెడితే పదికి ముందే అయిపోతుంది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట స్పీకర్లు మోగించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. పక్కింటివాళ్లతో మాట పడకుండా ఉండడానికి ఆ గంట దాటకపోవడమే మర్యాద కూడా.

గోడ దొరికితే గుడ్డ జోలికి పోవద్దు

మిద్దె మీద మెట్ల గది ఉంటే దాని బయటి గోడే మీ తెర. ఎనిమిది అడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల ఎత్తు జాగా నున్నగా ఉంటే చాలు. మెరుపు లేని తెల్ల డిస్టెంపర్ రెండు కోట్లు వేయండి. ఎనామిల్ వేశారంటే మధ్యలో వెలుగు చుక్కలా మెరిసి, అంచులు మసకగా కనబడతాయి. బొమ్మ కింది అంచు నేల నుంచి మూడడుగుల ఎత్తున ఉండాలి, లేకపోతే వెనక కూర్చున్నవాళ్లకు ముందువాళ్ల తలలే కనిపిస్తాయి. వీధి దీపం ఆ గోడకు ఎదురుగా ఉంటే వేరే గోడ చూసుకోండి. వేరే గోడ లేకపోతే పిట్టగోడ మీద రెండు వెదురు కర్రలు కట్టి, నల్ల దుప్పటి అడ్డం వేయండి.

ఎండకు చల్లగా ఉంటుందని మిద్దె నేలకు సున్నం కొట్టించినవాళ్లు తెర ముందు పదడుగుల మేర జంబుకానా పరవాలి. లేకపోతే తెర మీది వెలుగు తెల్లటి నేలకు తగిలి తిరిగి తెర మీదే పడి, నలుపును పాడుచేస్తుంది. ఈ ఒక్క విషయం చాలామందికి తట్టదు. ప్రొజెక్టర్ బాగాలేదని తిట్టుకుంటారు.

గుడ్డే గతి అయితే కుట్టు లేని తెల్ల దుప్పటి, వెనక ఒక నల్ల గుడ్డ. తెల్ల గుడ్డ గుండా కొంత వెలుగు వెనక్కి పోతుంది, నల్లది ఉంటే బొమ్మ గట్టిగా నిలుస్తుంది. పైన ఒక కర్ర, కింద అంగుళం పీవీసీ పైపు కట్టండి. తొమ్మిదడుగుల పైపును ఇసుకతో నింపి రెండు కొసలూ మూస్తే రెండు కిలోలకు పైగా బరువొస్తుంది. చిన్నపాటి గాలికి అది చాలు. నాలుగు మూలలా తాడు కట్టి, కింది తాళ్లు కాస్త వదులుగా ఉంచండి. బిగించి కడితే గాలి తోసినప్పుడు గుడ్డ మూలల దగ్గర చిరుగుతుంది.

ప్రొజెక్టర్ లెక్క

పెట్టె మీద రాసిన పెద్ద పెద్ద ల్యూమెన్ (వెలుగు కొలత) అంకెలు నమ్మొద్దు. ప్రామాణిక పద్ధతిలో కొలిచిన ‘ఆన్సీ’ ల్యూమెన్లు ఎన్నో అడగండి. ఎనిమిది బై నాలుగున్నర అంటే 36 చదరపు అడుగులు. థియేటర్ తెరకు చదరపు అడుగుకు దాదాపు 16 ల్యూమెన్ల వెలుగు ప్రమాణం. ఆ లెక్కన 500 నుంచి 600 ఆన్సీ ల్యూమెన్లు మన తెరకు సరిపోతాయి. అంతకన్నా తక్కువ ఉంటే తెర ఆరడుగులకు తగ్గించుకోండి. ఈ సినిమాకు పెద్ద బొమ్మ కన్నా చిక్కటి బొమ్మ ముఖ్యం.

ఎనిమిదడుగుల బొమ్మకు మామూలు ప్రొజెక్టర్ పది నుంచి పన్నెండు అడుగుల దూరంలో ఉండాలి. మూడడుగుల స్టూలు మీద, వంచకుండా, తెరకు నేరుగా పెట్టండి. వంచి పెట్టి, తర్వాత కీస్టోన్ తిప్పి బొమ్మను సరిచేసుకుంటే పదును పోతుంది. వేసవిలో ప్రొజెక్టర్ వెనక ఒక అడుగు ఖాళీ వదలండి. చాలా ప్రొజెక్టర్లు 35 నుంచి 40 డిగ్రీల దాకానే పనిచేసేలా తయారవుతాయి, వేడెక్కితే వాటంతట అవే ఆగిపోతాయి.

రంగులకు ఒక పరీక్ష ఉంది. ఫ్రెడ్డీ స్వెటర్ ఎరుపు, ఆకుపచ్చ చారలు. ఈ రెండు రంగులు పక్కపక్కన ఉంటే కంటికి పొసగవని దర్శకుడు వెస్ క్రేవెన్ ఒక సైన్స్ పత్రికలో చదివి, కావాలనే ఎంచుకున్నాడు. స్వెటర్ స్పష్టంగా కనబడే చోట ఆపి చూడండి. ఆకుపచ్చ నల్లగా కనిపిస్తే నీడలు కాస్త తేలేలా గామా సర్దాలి. ఎరుపు నారింజలా కనిపిస్తే ‘వివిడ్’ తీసేసి ‘సినిమా’ మోడ్‌లోకి మార్చాలి. తర్వాత బాయిలర్ గది దృశ్యంలో బ్రైట్‌నెస్ తగ్గిస్తూ రండి. పైపుల మీద తడి మెరుపు మిగలాలి, మూలలు మాత్రం మూలల్లాగే నల్లగా ఉండాలి. టీవీలో చూసేవాళ్లు మోషన్ స్మూతింగ్ ఆపేయాలి. అది ఆన్‌లో ఉంటే ఏ సినిమా అయినా సీరియల్‌లా కనబడుతుంది.

సౌండు, కరెంటు

సినిమా మొదట మోనో (ఒకే చానల్) శబ్దంతోనే వచ్చింది. కాబట్టి నాలుగు మూలలా స్పీకర్లు అక్కర్లేదు. తెర కింద, మధ్యలో, ఒక గట్టి స్పీకరు చాలు. నేల మీద కాకుండా ఇటుకలో బల్లో వేసి, కూర్చున్నవాళ్ల చెవి ఎత్తుకు లేపండి. తీగతోనే కలపండి. బ్లూటూత్‌లో శబ్దం కాస్త వెనకబడుతుంది. ఫ్రెడ్డీ చేతి కత్తులు పైపుకు రాసుకున్న క్షణం ఒకటి, కీచుమన్న శబ్దం ఇంకో క్షణం అయితే ఒళ్లు జలదరించాల్సిన చోట నవ్వొస్తుంది. తీగ లేకపోతే వీఎల్‌సీ ప్లేయర్‌లో ‘జె’, ‘కె’ మీటలతో శబ్దాన్ని ముందుకూ వెనక్కూ జరుపుకోవచ్చు.

చార్లెస్ బెర్న్‌స్టీన్ సంగీతం ఎక్కువగా సింథసైజర్ మీద చేసింది, సన్నటి స్వరాలు ఎక్కువ. బేస్ పెంచితే అవి మునిగిపోతాయి.

ప్రొజెక్టర్, ల్యాప్‌టాప్, స్పీకరు కలిపి 200 వాట్లు వేసుకోండి. గంటన్నరకు 300 వాట్-అవర్లు. 150 ఏహెచ్ బ్యాటరీ ఉన్న ఇన్వర్టర్‌కు ఇది లెక్కలోది కాదు. అసలు చిక్కు కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ చిన్న విరామంలో ఉంది. ల్యాంప్ ప్రొజెక్టర్ ఆ తృటిలో ఆరిపోతే, బల్బు చల్లబడే దాకా మళ్లీ వెలగదు. ఇన్వర్టర్‌ను ‘యూపీఎస్’ మోడ్‌లో పెట్టండి, తొందరగా అందుకుంటుంది.

ఏ ప్రతి, ఏ సబ్‌టైటిల్

టీవీలో వేసిన ప్రతులు కత్తిరించి ఉంటాయి, వాటి జోలికి పోవద్దు. 2024లో నలభై ఏళ్ల సందర్భంగా వచ్చిన 4కె ప్రతిలో అన్‌కట్ రూపం కూడా ఉంది. అందులో ఎక్కువ ఉన్నది కొన్ని సెకన్ల రక్తపాతమే, కథలో తేడా లేదు. అద్దెకో కొనో సరైన చోటు నుంచే తీసుకోండి. ఇంటివాళ్లతో, స్నేహితులతో చూస్తే ఇబ్బంది లేదు. టికెట్టు పెట్టారంటే అది ప్రదర్శన అవుతుంది, అనుమతులు కావాలి.

డబ్బింగ్ కన్నా ఇంగ్లిషు మాటలూ తెలుగు సబ్‌టైటిళ్లూ మేలు. ముఖ్యంగా తాడాట ఆడే పిల్లల పాట. ఒకటి, రెండు అని లెక్కపెడుతూ సాగే ఆ పాటను ఇంకో గొంతుతో వింటే సగం పోతుంది. మీరే తెలుగు చేసుకుంటే అంకెలను తప్పకుండా ఉంచండి. ఫైలును ‘యూటీఎఫ్-8’లో భద్రపరచకపోతే అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు వస్తాయి. డబ్బాలు కనిపిస్తే మాత్రం ప్లేయర్‌లో తెలుగు ఫాంటు లేదని అర్థం. సెట్టింగుల్లో నిర్మల గానీ నోటో సాన్స్ తెలుగు గానీ ఎంచుకోండి.

సబ్‌టైటిళ్లు మొదటి నుంచీ ఒకే తేడాతో ఉంటే ‘జి’, ‘హెచ్’ మీటలతో సర్దుకోవచ్చు. మొదట్లో సరిగ్గా ఉండి పోనుపోను దూరం జరుగుతుంటే అది వేరే రోగం. మీ వీడియో సెకనుకు 24 ఫ్రేములది, సబ్‌టైటిళ్లు 25 ఫ్రేముల ప్రతికి చేసినవి. ఆఖరికి వచ్చేసరికి దాదాపు మూడున్నర నిమిషాల తేడా వస్తుంది. వీఎల్‌సీలో సబ్‌టైటిల్ వేగం మార్చే చోటు ఉంది, అక్కడ సరిచేయాలి. మీ ప్రతి నిడివి 91 బదులు 87 నిమిషాలుంటే వీడియోనే వేగం పెంచిన ప్రతి అని గుర్తు. గొంతులు కూడా కాస్త సన్నగా వినిపిస్తాయి. ఇవన్నీ ముందురోజు చూసుకోండి, అందరూ చాప మీద కూర్చున్నాక కాదు.

మొదలుపెట్టే ముందు

ఇది పెద్దలకు మాత్రమే. పిల్లల్ని కింద పడుకోబెట్టాకే పైకి రండి. గుండె జబ్బు ఉన్న పెద్దాయన ‘నాకేం భయం’ అన్నా బతిమాలి కిందనే ఉంచండి.

తిండి ముందే కానివ్వండి. ఉగ్గాని, బజ్జీ ఏడున్నరకల్లా అయిపోవాలి. సినిమా నడుస్తుండగా ఉడకబెట్టిన చెనక్కాయలు పరవాలేదు, పొట్టుకు ఒక గిన్నె పెట్టండి. చిప్సు ప్యాకెట్లు వద్దు. ఈ సినిమాలో నిశ్శబ్దమైన చోట్లే ఎక్కువ పనిచేస్తాయి, ఆ చోట్లలోనే ప్యాకెట్ గరగరమంటుంది. ఇంటర్వెల్ లేకుండా మనవాళ్లు కూర్చోలేరు కదా, ఒకటి ఇవ్వాలనుకుంటే కథానాయిక నాన్సీ ఆస్పత్రిలో నిద్ర పరీక్ష నుంచి మేలుకున్న దృశ్యం తర్వాత ఇవ్వండి. సగం దాటాక వస్తుంది. ఆ దృశ్యంలో ఏం జరుగుతుందో కింద చెప్పాం, దాని మీద పది నిమిషాలు మాట్లాడుకోవడానికి సరుకుంటుంది. కాఫీ ఇవ్వండి. నాన్సీ కూడా గదిలో దాచిపెట్టుకుని తాగేది అదే.

కథ చెప్పొద్దు. జానీ డెప్ మొదటి సినిమా ఇదని కూడా ముందే చెప్పొద్దు. చెబితే అందరూ అతని కోసం చూస్తారు, అతని పాత్రకు ఏమవుతుందో ఊహిస్తారు. ఒక్క మాట చాలు: ‘ఎవరు ఎప్పుడు నిద్రపోయారో గమనించండి.’

ఏం చూడాలి

మన దయ్యాలకు చిరునామా ఉంటుంది. చింతచెట్టు, పాడుబడిన బావి, ఊరి బయటి ఇల్లు. అటు పోకుంటే పనైపోతుంది. తలుపు మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాస్తే వెనక్కి పోయే దయ్యం కూడా ఉండేది. తాయెత్తు ఉంది, వేపమండ ఉంది, నిమ్మకాయ ఉంది. ఫ్రెడ్డీ క్రూగర్ ఉండే చోటు నిద్ర. దాన్ని తప్పించుకుని ఎవరూ బతకలేరు. నాన్సీ పడుకున్న గది గోడకున్న సిలువ ఊడి మంచం మీద పడుతుంది, ఎందుకూ పనికిరాదు. అంతకుముందు వచ్చిన స్లాషర్ సినిమాలు (హంతకుడు ఒక్కొక్కరినే చంపుకుంటూ పోయేవి) చాలావాటిలో హంతకుడు అడవిలోనో శిబిరంలోనో ఉంటాడు, అక్కడికి వెళ్లినవాళ్లదే తప్పు అన్నట్టు ఉంటుంది. ఇందులో ఆ వెసులుబాటు తీసేశారు.

ఈ ఆలోచన ఊరికే పుట్టలేదు. ఆగ్నేయాసియా నుంచి అమెరికా చేరిన శరణార్థుల్లో ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లు నిద్రలోనే చనిపోయారన్న వార్తలు లాస్ ఏంజెలెస్ పత్రికలో క్రేవెన్ కంటపడ్డాయి. నిద్రంటే భయపడి మేలుకుని ఉండి, చివరికి నిద్రపట్టగానే చనిపోయిన కుర్రాడి సంగతి వాటిలో ఉంది. ఇలాంటి మరణాల్లో చాలావాటికి బ్రుగాడా సిండ్రోమ్ అనే గుండె లోపంతో సంబంధం ఉందని వైద్యులు తర్వాత గుర్తించారు. గుండె విద్యుత్తులో తేడా అది, ఎక్కువగా నిద్రలోనే బయటపడుతుంది. 1992లో దీన్ని వైద్యపత్రికలో వివరించారు, అంటే సినిమా వచ్చిన ఎనిమిదేళ్లకు.

మొదటి గంటలో కల మొదలైన చోట్లను లెక్కపెట్టండి. తరగతి గదిలో ఒక కుర్రాడు షేక్‌స్పియర్ చదువుతుంటాడు. ఉన్నట్టుండి అతని గొంతు గుసగుస అయిపోతుంది. నాన్సీ కళ్లు మూసుకోవడం చూశాం కానీ, మేల్కొన్న తరగతికీ కలలోని తరగతికీ మధ్య కెమెరా ఏ గుర్తూ ఇవ్వదు. పొగ లేదు, బొమ్మ మసకబారడం లేదు. నాన్సీ కలలో వేడి పైపుకు చెయ్యి ఆనించి మేలుకుంటుంది, మేలుకున్నాక చేతి మీద కాలిన మచ్చ ఉంటుంది. ఇక్కడ సినిమా మీతో ఒక ఒప్పందం చేసుకుంటుంది: కలలో తగిలింది ఒంటి మీద మిగులుతుంది. ఇంతకన్నా కష్టమైనది తర్వాత వస్తుంది. నేను నిద్రపోతాను, నువ్వు మేలుకుని చూడు అని తన ప్రియుడు గ్లెన్‌కు చెప్పి నాన్సీ వీధిలోకి నడుస్తుంది. ఆమె నిద్రపోయిన క్షణం మనకు చూపించరు. వీధిలో నడుస్తున్నది కలలోనా అన్న అనుమానం వచ్చేసరికే ఆలస్యమైపోయి ఉంటుంది. ఇక నిద్ర పరీక్ష దృశ్యంలో ఆమె కలలోంచి ఫ్రెడ్డీ టోపీని చేతిలో పట్టుకుని బయటికి తెస్తుంది. ఒప్పందం రెండో సగం అది: లోపలిది బయటికి రాగలదు. చివరి పోరాటం మొత్తం ఈ టోపీ మీదే నిలబడింది.

నాన్సీ స్నేహితురాలు టీనా చనిపోయే దృశ్యం ఎన్నిసార్లు చూసినా కొత్త సంగతి ఒకటి దొరుకుతుంది. ఆ గదిలో మేలుకుని ఉన్నది టీనా ప్రియుడు రాడ్ ఒక్కడు. అతనికి ఫ్రెడ్డీ కనపడడు. దుప్పటి కింద ఏదో కొట్టుకోవడం, చొక్కా మీద నాలుగు గీతలు తెరుచుకోవడం, టీనా గోడెక్కి పైకప్పు మీదికి ఈడ్చుకుపోబడడం మాత్రమే కనిపిస్తాయి. దీని కోసం గదినంతా గిరగిరా తిరిగే చట్రంలో కట్టారు. సామానంతా నేలకు బిగించారు. కెమెరాను గదికే బిగించి, దర్శకుడూ ఛాయాగ్రాహకుడు జాక్ హైట్‌కిన్ బెల్టులు కట్టుకుని కూర్చున్నారు. గదిని తిప్పారు. టీనాగా నటించిన అమాండా వైస్ ఎప్పుడూ కిందికి తిరిగిన పక్కనే పాకుతోంది. కెమెరా గదితో పాటే తిరిగింది కాబట్టి మనకు ఆమె పైకప్పు మీద ఉన్నట్టు కనిపిస్తుంది. రెండోసారి చూసినప్పుడు ఆమె జుట్టునూ, కారే రక్తాన్నీ గమనించండి. అవి ఎటు జారుతున్నాయో చూస్తే అసలు నేల ఎటుందో తెలిసిపోతుంది. తెలిసినా భయం తగ్గదు, ఎందుకంటే చూసే రాడ్ ముఖం అబద్ధం చెప్పదు.

అదే గదిని గ్లెన్ మరణానికి తలకిందులు చేశారు. మంచం నుంచి పైకప్పుకు రక్తం ఎగజిమ్మినట్టు కనిపించేది నిజానికి పైనున్న మంచం రంధ్రం గుండా కిందికి పోసిన రంగునీళ్లే, కెమెరా కూడా తలకిందులే. గది తిప్పేటప్పుడు అటు కాక ఇటు తిరిగి, నీళ్లు దీపాల మీద పడి నిప్పురవ్వలు రేగాయి. ఇంకోసారి తీయడానికి వీల్లేదు, దొరికిందే పెట్టుకున్నారు. ఖర్చు పెట్టలేని చోట తెలివి పెట్టారు. నాన్సీ మంచం పైన గోడలోంచి ముఖం ఉబికే షాట్‌కు సాగే గుడ్డ బిగించి, దాని వెనక నుంచి మనిషి వంగాడు. అంతే.

ఇంకొక సంగతి. ఫ్రెడ్డీ పిల్లల్ని చంపిన హంతకుడు. వారంటు మీద సంతకం సరైన చోట లేనందున విడుదలయ్యాడు. అప్పుడు తల్లిదండ్రులే అతన్ని బాయిలర్ గదిలో పెట్టి కాల్చేశారు, తర్వాత నోరు మెదపలేదు. ఇప్పుడు వాళ్ల పిల్లలు ఆ లెక్క తీరుస్తున్నారు. పెద్దల పగ పిల్లల మెడకు చుట్టుకోవడం సీమవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. నాన్సీ తల్లి మార్జ్ ఇంటి కిటికీలకు ఇనుప కడ్డీలు వేయించడం చూడండి. రక్షించడానికి వేసినవి కూతుర్ని లోపల బంధిస్తాయి. సినిమా ఇంతకాలం నిలబడడానికి కత్తుల చేతి తొడుగు ఎంత కారణమో ఇదీ అంత కారణం.

ఫ్రెడ్డీగా నటించిన రాబర్ట్ ఇంగ్లండ్ మొత్తం సినిమాలో పది నిమిషాలు కూడా కనబడడు. ఎక్కువగా నీడలోనే. భుజం ఒకటి దించి, నడుము వంచి నడవడం చూడండి. ముఖం కన్నా ఆ నడకే ముందు గుర్తుండిపోతుంది. తర్వాతి భాగాల్లో మాటలు పెరిగి, జోకులు వచ్చి, అతను పోస్టర్ల మీది హీరో అయ్యాడు. స్వెటర్ చేతులకు కూడా చారలు వచ్చాయి. ఇందులో చేతులు ఉత్త ఎరుపే.

నవ్వొచ్చే చోట్లు

సందులో ఫ్రెడ్డీ చేతులు పది అడుగులు సాగే షాట్ ఇప్పుడు నవ్వు తెప్పిస్తుంది. చివర్లో తలుపు అద్దం గుండా లాగేసే బొమ్మ ఇంకా. నవ్వనివ్వండి, ‘ష్’ అనొద్దు. నవ్వి సర్దుకున్న జనం మళ్లీ భయపడడానికి సిద్ధంగా ఉంటారు. ఆపితే సినిమా అయిపోయేదాకా మనసులో నవ్వుకుంటూనే ఉంటారు.

ముగింపు మీద గొడవ తప్పదు. నాన్సీ వెనక్కి తిరిగి, నీకిచ్చిన బలమంతా తీసుకుంటున్నాను అనడంతో క్రేవెన్‌కు కథ అయిపోయింది. నిర్మాత రాబర్ట్ షే ఇంకో సినిమాకు గుమ్మం తెరిచి ఉంచాలన్నాడు. అందుకే ఆ కారు, ఆ తలుపు. మా లెక్కలో క్రేవెన్‌దే సరైనది. అయినా షే పంతం వ్యాపారంగా నెగ్గింది. సుమారు 11 లక్షల డాలర్లతో తీసిన సినిమా అమెరికాలోనే రెండున్నర కోట్ల డాలర్లు తెచ్చింది, చిన్న సంస్థ న్యూ లైన్ నిలదొక్కుకుంది. 2021లో అమెరికా జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీలోకి కూడా ఎక్కింది.

తర్వాత

వెంటనే రెండో భాగం పెట్టకండి. చూడాలనుంటే 1987 నాటి మూడోది చూడండి. కలలోనే ఎదురు తిరిగే పిల్లల కథ, నాన్సీ మళ్లీ వస్తుంది. తర్వాత నేరుగా 1994లో క్రేవెన్ మళ్లీ తీసిన ‘న్యూ నైట్‌మేర్’కు వెళ్లండి. అందులో నాన్సీగా నటించిన హెదర్ లాంగెన్‌క్యాంప్ తన పేరుతోనే, నటిగానే కనిపిస్తుంది. 2010 రీమేక్ చూడకపోతే నష్టం లేదు. మొదటిది, 1987 నాటిది, 1994 నాటిది, ఈ మూడింటినీ ఒకే రాత్రి కాకుండా మూడు బహుళ పక్షాలకు పంచుకోండి. ప్రొజెక్టర్‌ను ఆపిన వెంటనే ప్లగ్గు పీకకండి, ఫ్యాను తిరగడం ఆగేదాకా ఉండి, లెన్సు మీది దుమ్మును పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి మూత పెట్టండి. ఈ ఊరి దుమ్ము ఒక్క రాత్రిలో లెన్సు మీద పొర కడుతుంది.